మూడో గేమ్‌లో కాళ్లు ఆగిపోతున్నాయి: ప్రీ-వర్కవుట్, క్రియాటిన్, బీటా-అలనిన్‌లలో షటిల్ ఆటకి ఏది పనికొస్తుంది?

మూడో_గేమ్ అడిగినది:

బ్యాడ్మింటన్ సింగిల్స్ ఆడతాను. బరువు 64 కిలోలు, వయసు 26. వారానికి ఐదు రోజులు కోర్టు, రెండు రోజులు జిమ్. టోర్నీల్లో ఒకే రోజు రెండు మూడు మ్యాచ్‌లు పడతాయి. రెండో మ్యాచ్‌లో మూడో గేమ్ వచ్చిందంటే ఇబ్బంది మొదలు. వెనక మూల నుంచి నెట్ దగ్గరికి చేరేసరికి షటిల్ నెట్ పైఅంచు కిందికి దిగిపోతుంది, స్మాష్ కొట్టాక తిరిగి నిలదొక్కుకోవడానికి టైం పడుతుంది, ఒక్కోసారి పిక్క పట్టేస్తుంది.

ఇప్పుడు వాడుతున్నది ఒక ప్రీ-వర్కవుట్ పొడి. లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఒక స్కూప్‌లో కెఫీన్ 300 మిల్లీగ్రాములు, బీటా-అలనిన్ 2 గ్రాములు, సిట్రులిన్ 3 గ్రాములు, ఆ కింద "ఎనర్జీ బ్లెండ్ 1.5 గ్రాములు" అని మొత్తం మాత్రమే ఉంది, అందులో ఏది ఎంతో లేదు. మ్యాచ్‌కి ఇరవై నిమిషాల ముందు వేసుకుంటే ముఖం, మెడ చిమచిమలాడతాయి. మొదటి గేమ్‌లో చెయ్యి వణికి నెట్ షాట్లు పైకి లేస్తున్నాయి. మూడో గేమ్ పరిస్థితి మాత్రం మారలేదు.

దీన్నే సరిగ్గా వాడే పద్ధతి ఏదైనా ఉందా, లేక క్రియాటిన్‌కో, బీసీఏఏ అనే అమైనో ఆమ్లాల పొడికో మారాలా? మోతాదులతో సహా చెప్పగలరు.

---

ఫుట్‌వర్క్_కోచ్

డబ్బాల సంగతి తర్వాత చూద్దామండి. ముందు మూడో గేమ్‌లో ఏం అయిపోతోందో చూడాలి. సింగిల్స్‌లో చాలా ర్యాలీలు పది సెకన్లలోపే ముగుస్తాయి, మధ్యలో దాదాపు దానికి రెట్టింపు విరామం దొరుకుతుంది. ఆ పది సెకన్ల దూకుడుకి కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్, అంటే అప్పటికప్పుడు వాడుకునే శక్తి నిలవ, ఖర్చవుతుంది. విరామంలో ఊపిరి తీసుకుంటూ దాన్ని మళ్లీ నింపుకుంటాం. ఇలా గంటసేపు సాగితే తరిగేవి రెండు: కండరంలో నిలవ ఉన్న గ్లైకోజెన్ (తిన్న పిండిపదార్థం నిలవ), ఒంట్లో నీరు. మీ పొడిలో ఈ రెండింటిలో ఒక్కటి కూడా లేదు. అందుకే మూడో గేమ్‌లో మార్పు రాలేదు. మొదటి గేమ్‌లో వణుకు వచ్చింది అందులోని కెఫీన్ వల్ల.

ముందుగా చెమట లెక్క తీయండి. ప్రాక్టీసుకి ముందు మూత్రానికి వెళ్లొచ్చి, తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. కచ్చితంగా ఒక గంట మ్యాచ్ వేగంతో ఆడండి. తాగిన నీళ్లు కొలతగా రాసుకోండి. తర్వాత ఒళ్లు తుడుచుకుని, తడి బట్టలు మార్చి మళ్లీ తూగండి. ఉదాహరణకి 64.0 నుంచి 63.1కి వచ్చి, మధ్యలో అర లీటరు తాగి ఉంటే, గంటకి చెమట 1.4 లీటర్లు. తడిసిన టీషర్టుతోనే తూకం వేస్తే చెమట తక్కువ కనిపిస్తుంది, చాలామంది లెక్క తప్పేది అక్కడే. హాలు వేడిని బట్టి ఈ అంకె మారుతుంది కాబట్టి ఒక్కసారి చూసి వదిలేయకండి. గాలికి షటిల్ పక్కకి పోకూడదని తలుపులు మూసి, ఏసీ తగ్గించి ఆడించే హాల్లో ఆరుబయట కంటే ఎక్కువ చెమట పట్టడం మామూలే.

పోయినదంతా ఆటలోనే తాగెయ్యాలని చూడొద్దు, కడుపు ఒప్పుకోదు. బరువులో 2 శాతం కంటే ఎక్కువ పోకుండా చూసుకుంటే చాలు. మీకు అది 1.3 కిలోలు. అటువైపు, ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగి మ్యాచ్ తర్వాత బరువు పెరిగి కనిపిస్తే అది ఇంకా ప్రమాదం, రక్తంలో సోడియం పడిపోతుంది.

సీసాలోకి: లీటరు నీళ్లు, 60 గ్రాముల చక్కెర లేదా మాల్టోడెక్స్‌ట్రిన్, 1.5 గ్రాముల ఉప్పు. ఉప్పు చదునుగా కొలిస్తే పావు టీస్పూన్. దీంతో పిండిపదార్థం 6 శాతం, సోడియం లీటరుకి సుమారు 590 మిల్లీగ్రాములు వస్తాయి. బలం కోసమని చక్కెర 100 గ్రాములు దాటిస్తే ద్రవం పొట్టలోనే నిలబడిపోతుంది, లంజ్ (ముందుకి పెద్ద అడుగు) వేసినప్పుడల్లా లోపల కదులుతూ ఉంటుంది. గంట దాటే ఆటకి గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం సరిపోతుంది. గేమ్ మధ్యలో విరామం 60 సెకన్లు, గేమ్‌ల మధ్య 120 సెకన్లు. మొదటిదాంట్లో రెండు మూడు గుక్కలు, రెండోదాంట్లో 150 మిల్లీలీటర్ల దాకా. దాహం వేసేదాకా ఆగితే మూడో గేమ్ మధ్యలోకి వచ్చేస్తారు.

పిక్క పట్టడం గురించి. ఉప్పు తక్కువై అని అందరూ అంటారు. చెమట ఆరాక బట్టల మీద తెల్లటి చారలు పడే వాళ్లకి అది కొంత నిజమే కావచ్చు. కానీ చాలాసార్లు అలిసిపోయిన కండరానికి నరాల నుంచి వచ్చే ఆదేశం గాడి తప్పడం వల్ల పడుతుంది. అందుకే మోకాలు చాచి, మడమ నేలకి ఆనించి సాగదీస్తే వెంటనే వదులుతుంది. ఉప్పు తాగితే అంత త్వరగా వదలదు. మీకు ఎప్పుడూ రెండో మ్యాచ్‌లోనే పడుతోందంటే పిక్క కండరానికి ఓర్పు చాలడం లేదు. ఒంటికాలి మీద మడమలు ఎత్తే వ్యాయామం, మోకాలు చాచి ఒకసారి, వంచి ఒకసారి, వారానికి రెండు రోజులు పెట్టండి. దీనికి ఏ పొడీ బదులు కాదు.

---

లేబుల్_చదవండి

కోచ్ గారు చెప్పినదానికి నా ఓటు. నేను ఆ లేబుల్ వరకే మాట్లాడతాను.

కెఫీన్ పనిచేస్తుంది. రాకెట్ ఆటగాళ్లకి దొరికే వాటిలో ఆధారం గట్టిగా ఉన్న కొద్దిపాటి వాటిలో ఇదొకటి. పనిచేసే మోతాదు కిలో బరువుకి 3 నుంచి 6 మిల్లీగ్రాములు, కొందరికి 2 కూడా చాలు. మీ 64 కిలోలకి 3 చొప్పున 192 మిల్లీగ్రాములు. ఒక స్కూప్‌తో మీకు పడుతున్నది కిలోకి 4.7. పరుగు పందానికి అది బాగానే ఉండొచ్చు. నెట్ మీద షటిల్‌ని వేళ్లతో మెల్లగా దొర్లించే ఆటకి, అందులోనూ మ్యాచ్ ముందు గుండె దడదడలాడే మనిషికి, అది ఎక్కువ. రెండు స్కూపులు వేస్తే కిలోకి 9 దాటుతుంది. ఆ స్థాయిలో అదనపు లాభం ఏమీ ఉండదు, వికారం, దడ, కంగారు మాత్రం పెరుగుతాయి.

ఇంకో పొరపాటు టైం. పొడి నీళ్లలో కలుపుకుని తాగితే రక్తంలో పూర్తిగా ఎక్కడానికి దాదాపు 45 నుంచి 60 నిమిషాలు. మీరు ఇరవై నిమిషాల ముందు తీసుకుంటున్నారు, అంటే వార్మప్‌లో మొదలై మ్యాచ్ నడుస్తుండగా ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. టోర్నీల్లో మ్యాచ్ ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి ఈ గంట లెక్క కుదరదు అనేవాళ్లు కెఫీన్ గమ్ వాడొచ్చు. అది నోటి లోపలి పొర నుంచి కూడా లోపలికి వెళ్తుంది, పది పదిహేను నిమిషాల్లో పని మొదలుపెడుతుంది. మీ కోర్టులో ముందు మ్యాచ్ రెండో గేమ్ సగానికి వచ్చినప్పుడు నమలడం మొదలుపెడితే సరిపోతుంది.

ఒంట్లో కెఫీన్ సగం తగ్గడానికి చాలామందికి సుమారు ఐదు గంటలు. సాయంత్రం ఆరింటికి 300 వేసుకుంటే రాత్రి పదకొండుకి ఇంకా 150 ఒంట్లో ఉంటుంది. మర్నాడు ఉదయం మ్యాచ్ ఉంటే ఆ పోయిన నిద్ర ఏ స్కూపూ తిరిగి ఇవ్వదు. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లకి ఇది ఇంకా నెమ్మదిగా తగ్గుతుంది, వాళ్లు సాయంత్రం మోతాదు మానేయడమే మంచిది.

చిమచిమ బీటా-అలనిన్ వల్ల. అది పనిచేస్తోందనడానికి గుర్తు కాదు. బీటా-అలనిన్ కండరంలో ఆమ్లాన్ని అడ్డుకునే కార్నోసిన్‌గా పేరుకోవాలి, దానికి రోజుకి 3.2 నుంచి 6.4 గ్రాములు కనీసం నాలుగు వారాలు పడుతుంది. మ్యాచ్ రోజున మాత్రమే 2 గ్రాములు వేసుకుంటే మిగిలేది ఆ చిమచిమే.

"బ్లెండ్" అని మొత్తం మాత్రమే రాసిన ఏ డబ్బా అయినా నా లెక్కలో పక్కన పెట్టాల్సిందే. అందులో ఏది ఎంతుందో తెలియనప్పుడు మోతాదు అనే మాటకే అర్థం ఉండదు. బీసీఏఏ కూడా కొనకండి. రోజుకి కిలోకి 1.6 గ్రాముల ప్రొటీన్, మీకు సుమారు 100 గ్రాములు, తిండిలోనో వే ప్రొటీన్‌తోనో వస్తుంటే ఆ మూడు అమైనో ఆమ్లాలు అందులోనే ఉంటాయి.

---

టీ_జోన్

స్క్వాష్ వైపు నుంచి ఒక మాట. బీటా-అలనిన్‌ని పూర్తిగా కొట్టిపారేయొద్దు. ఆగకుండా ఒకటి నుంచి నాలుగు నిమిషాల పాటు గట్టిగా సాగే శ్రమలో దాని లాభం బాగా కనిపిస్తుంది. స్క్వాష్‌లో ర్యాలీ పొడవు, విరామం చిన్నది, తొడలు నిప్పులా మండుతాయి. అక్కడ ప్రయత్నించడంలో అర్థం ఉంది. బ్యాడ్మింటన్ సింగిల్స్‌లో కొంత ఉండొచ్చు. టేబుల్ టెన్నిస్‌లో దాని పని నాకు కనిపించదు. తీసుకునేవాళ్లు 0.8 నుంచి 1.6 గ్రాముల చొప్పున మూడు నాలుగు గంటలకోసారి, తిండితో తీసుకుంటే చిమచిమ చాలావరకు పోతుంది.

వంట సోడా గురించి ఎవరూ రాయలేదు. కిలోకి 0.3 గ్రాములు, మ్యాచ్‌కి రెండు గంటల ముందు. రక్తంలో ఆమ్లాన్ని అడ్డుకునే శక్తి పెరుగుతుంది. టెన్నిస్‌లో చేసిన ఒక చిన్న ప్రయోగంలో, మ్యాచ్‌లాంటి శ్రమ తర్వాత సర్వ్, ఫోర్‌హ్యాండ్ నిలకడ తగ్గకుండా ఇది కాపాడింది. అయినా మీకు వద్దంటాను. మీ బరువుకి అది 19 గ్రాములు, అందులో సోడియమే 5 గ్రాముల పైన. కడుపు ఉబ్బరం, విరేచనం ఎవరికి వస్తాయో ముందుగా తెలియదు, రోజుకి మూడు మ్యాచ్‌లంటే మూడుసార్లు తీసుకునే వస్తువు కాదు. రక్తపోటు ఉన్నవాళ్లు దగ్గరికే వెళ్లకూడదు.

బీట్‌రూట్ రసం: నైట్రేట్ 350 నుంచి 500 మిల్లీగ్రాములు వచ్చేలా, రెండు మూడు గంటల ముందు. ఓర్పు ఆటల్లో దీనికి పేరుంది, రాకెట్ ఆటల్లో ఆధారం పలుచన. వాడితే ఆ రోజు క్రిములు చంపే మౌత్‌వాష్ పుక్కిలించకండి. నైట్రేట్‌ని మార్చేది నాలుక మీది బాక్టీరియానే, అవి పోతే తాగిన రసం వృథా. మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడక్కర్లేదు.

---

మూడో_గేమ్

అందరికీ చాలా థాంక్స్. లేబుల్ గారు, ఇరవై నిమిషాల సంగతి నాకు అసలు తట్టలేదు. రెండు అడుగుతాను. క్రియాటిన్ వల్ల బరువు పెరిగితే జంప్ స్మాష్ పాడవుతుందా? రోజుకి మూడు మ్యాచ్‌లు ఉంటే కెఫీన్ ఎలా పంచుకోవాలి? వచ్చే నెలలో ర్యాంకింగ్ టోర్నీ ఉంది, అక్కడ డోప్ పరీక్ష ఉండొచ్చంటున్నారు.

---

నెట్‌డ్రిబుల్

క్రియాటిన్ మోనోహైడ్రేట్ మంచిదే, కానీ నెల రోజుల్లో టోర్నీ పెట్టుకుని మొదలుపెట్టే వస్తువు కాదు. ఎందుకో చెబుతాను.

కండరంలో క్రియాటిన్ వేగంగా నింపాలంటే రోజుకి 20 గ్రాములు, నాలుగు భాగాలుగా, ఐదు నుంచి ఏడు రోజులు. తర్వాత రోజుకి 3 నుంచి 5 గ్రాములు. ఇలా చేస్తే మొదటి వారంలోనే కిలో నుంచి రెండు కిలోల దాకా బరువు పెరగొచ్చు, అది కండరంలోకి చేరిన నీరు. అదే 3 నుంచి 5 గ్రాములతో నేరుగా మొదలుపెడితే దాదాపు నాలుగు వారాల్లో అదే స్థాయికి చేరతారు, బరువు మెల్లగా పెరుగుతుంది, పాదాలు అలవాటు పడతాయి. షటిల్ ఆటగాళ్లకి నేను ఎప్పుడూ రెండోదే చెబుతాను. టోర్నీకి వారం ముందు 20 గ్రాములు మొదలుపెట్టినవాళ్లకి మోకాళ్ల కింద బరువుగా అనిపించి, స్ప్లిట్ స్టెప్ (ఎదుటివాళ్లు కొట్టేటప్పుడు వేసే చిన్న గెంతు) టైమింగ్ మారుతుంది, కడుపు కూడా చెడొచ్చు. ఒకేసారి 10 గ్రాములు మింగితే విరేచనాలు పట్టుకోవడం కొత్తేమీ కాదు.

దీని లాభం ఎక్కడంటే శిక్షణలో. మల్టీ-షటిల్ (వరసగా షటిళ్లు వేయించుకుని ఆడే ప్రాక్టీసు) సెట్లలో, స్క్వాట్లలో, చిన్న పరుగుల్లో ఒకటి రెండు రిపీట్లు అదనంగా చేయగలుగుతారు, ఆ అదనపు పని నెలల తరబడి చేరి కాళ్లలో కనిపిస్తుంది. సర్వ్ వేగమో స్మాష్ వేగమో నేరుగా పెరుగుతుందని ఆశించకండి. టెన్నిస్ ఆటగాళ్ల మీద చూసినప్పుడు కూడా స్ట్రోక్ వేగంలో తేడా రాలేదు. మాంసం తిననివాళ్లకి కండరంలో మొదట నిలవ తక్కువ ఉంటుంది కాబట్టి ఫలితం ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది. మోనోహైడ్రేట్ కాకుండా వేరే పేర్లతో ఖరీదుగా అమ్మే రకాలు దీనికంటే మెరుగని తేలలేదు.

ఇంకొకటి, రక్త పరీక్షలో క్రియాటినిన్ కొంచెం పెరిగి కనిపించవచ్చు. డాక్టరుకి క్రియాటిన్ వాడుతున్నానని ముందే చెప్పండి, లేకపోతే కిడ్నీ గురించి అనవసరమైన పరుగులు. కిడ్నీ జబ్బు నిజంగా ఉన్నవాళ్లు డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడదు.

మూడు మ్యాచ్‌ల రోజుకి నేనైతే ఇలా వేస్తాను. ఉదయం మొదటి మ్యాచ్‌కి మూడు గంటల ముందు తిండి, కిలోకి 2 గ్రాముల పిండిపదార్థం వచ్చేలా, పీచు, నూనె తక్కువగా. మొదటి మ్యాచ్‌కి కెఫీన్ లేకుండా, ఉంటే 60 మిల్లీగ్రాములు. నిద్ర మత్తు వదిలితే చాలు, ఆ రౌండ్‌లో అంతకంటే అక్కర్లేదు. మ్యాచ్ అయిన పదిహేను నిమిషాల్లో సీసా, తర్వాత రెండు గంటల కంటే ఎక్కువ ఖాళీ ఉంటే గంటకి కిలోకి 1 గ్రాము పిండిపదార్థం, మీకు 64 గ్రాములు, దాంతో 20 గ్రాముల ప్రొటీన్. గంటే ఉంటే ప్రొటీన్ వదిలేయండి, 30 గ్రాముల పిండిపదార్థం ద్రవంగా తీసుకోండి. రెండో మ్యాచ్‌కి ముందు 130, అంటే కిలోకి 2. మూడోది రాత్రి ఏడు దాటితే 60కి మించొద్దు, మర్నాడు ఆట లేకపోతే ఇంకో 60 కలపొచ్చు. కోల్పోయిన ప్రతి కిలో బరువుకి 1.25 నుంచి 1.5 లీటర్లు, ఉప్పుతో, గంటల మీద పంచుకుని తాగండి.

ఈ మొత్తాన్ని టోర్నీలో మొదటిసారి ప్రయత్నించకండి. ఒక ఆదివారం మూడు ప్రాక్టీస్ మ్యాచ్‌లు అదే గంటలకి పెట్టుకుని, అదే సీసా, అదే మోతాదు. నెట్ షాట్ ఎంత ఎత్తున వెళ్తోందో పక్కనున్నవాళ్లని చూడమనండి. కెఫీన్ ఎక్కువైందని మీ నాడి కంటే ముందు ఆ షాటే చెబుతుంది.

పద్దెనిమిది నిండని పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, పైన రాసిన మోతాదులు మీకు కాదు. తిండి, నీళ్లు, నిద్ర వరకే తీసుకోండి.

---

బి_నమూనా

డోప్ పరీక్ష గురించి. కెఫీన్ 2004లో నిషేధిత జాబితా నుంచి బయటికి వచ్చింది, ఇప్పుడు గమనింపు జాబితాలో ఉంది, అంటే వాడొచ్చు. క్రియాటిన్, బీటా-అలనిన్, వంట సోడా, నైట్రేట్ ఏవీ నిషేధం కాదు. భయపడాల్సింది లేబుల్ మీద లేని వాటికి. ఆ "ఎనర్జీ బ్లెండ్" చూసి నాకు కంగారు పుట్టింది.

2000-2001లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మద్దతుతో 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లు పరీక్షిస్తే 94 వాటిల్లో లేబుల్ మీద లేని హార్మోన్ పదార్థాలు దొరికాయి. దాదాపు 15 శాతం. ప్రీ-వర్కవుట్లలో, బరువు తగ్గించే మందుల్లో ఉద్దీపకాల బెడద వేరే. మిథైల్‌హెక్సనమైన్ లాంటి పేర్లు మొక్కల సారం పేరుతో కూడా దాక్కుంటాయి.

మన ఆటల్లోనే చూడండి. 2014 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మలేసియా బ్యాడ్మింటన్ ఆటగాడు లీ చోంగ్ వేయి నమూనాలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు దొరికింది. అది ఆయన వాడిన కార్డిసెప్స్ (ఒక రకం శిలీంధ్రం) క్యాప్సూల్ పైతొడుగు నుంచి వచ్చిందని విచారణ సంఘం ఒప్పుకుంది, మోసం చేయలేదనీ చెప్పింది, అయినా ఎనిమిది నెలల నిషేధం తప్పలేదు. 2013లో టెన్నిస్ ఆటగాడు మారిన్ చిలిచ్‌కి గ్లూకోజ్ బిళ్లల్లో ఉన్న నికెథమైడ్ అనే ఉద్దీపకం వల్ల తొమ్మిది నెలలు పడి, అప్పీలులో నాలుగుకి తగ్గింది. టెన్నిస్ క్రీడాకారిణి సిమోనా హాలెప్ కేసులో సప్లిమెంట్ కలుషితమైందని 2024లో అప్పీలు కోర్టు ఒప్పుకుని నాలుగేళ్లని తొమ్మిది నెలలకి తగ్గించేసరికి ఆమె అప్పటికే ఏడాదిన్నర ఆటకి దూరమైంది. ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే, ఎలా వచ్చిందన్నది శిక్ష ఎంతో తేల్చేటప్పుడే చూస్తారు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. ఆ పొడి ఇవాళే ఆపేయండి. ఉద్దీపకాల నిషేధం పోటీ సమయానికి వర్తిస్తుంది, పోటీ సమయం ముందు రోజు రాత్రి 11:59కి మొదలవుతుంది. మొన్న వేసుకున్నది మ్యాచ్ రోజు నమూనాలో కనబడితే "పోటీలో వాడలేదు" అనే మాట కాపాడదు. ఇకపై ఏది కొన్నా ఒకే పదార్థం ఉన్నదే కొనండి: కెఫీన్ వేరుగా, క్రియాటిన్ వేరుగా. నిషేధిత పదార్థాల కోసం సప్లిమెంట్లని పరీక్షించే ఇన్ఫార్మ్‌డ్ స్పోర్ట్ లేదా ఎన్‌ఎస్‌ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ గుర్తు డబ్బా మీద కనిపిస్తే అక్కడితో ఆగకండి. మీ డబ్బా అడుగున ఉన్న బ్యాచ్ నంబరు వాళ్ల వెబ్‌సైట్‌లో వెతికి, అదే నంబరు కనిపిస్తేనే తెరవండి. పరీక్షించిన బ్యాచ్ ఒకటి, మీ చేతికొచ్చింది ఇంకొకటి కావచ్చు.

తెరిచిన డబ్బా మీద తేదీ రాయండి, ఖాళీ అయ్యాక కూడా లేబుల్, బిల్లు పారేయకండి. వీలైతే అదే బ్యాచ్‌లో సీలు తీయని డబ్బా ఒకటి దాచండి. కలుషితమైందని వాదించాల్సి వస్తే తెరిచిన డబ్బాలో మీరే ఏదో కలిపారని అనకుండా ఉండటానికి అదొక్కటే దారి. నమూనా ఇచ్చేటప్పుడు ఫారంలో గత ఏడు రోజుల్లో తీసుకున్న మందులు, సప్లిమెంట్లు రాయమంటారు. కెఫీన్ గమ్ దగ్గర్నుంచి తలనొప్పి బిళ్ల దాకా అన్నీ రాయండి, పేరు గుర్తుండదనుకుంటే డబ్బాల ఫొటోలు ఫోన్‌లో పెట్టుకోండి.

---

లేబుల్_చదవండి

బి_నమూనా గారి మాటకి తోడు ఒకటి. ఎప్పుడూ హాల్లోనే ఆడేవాళ్లు విటమిన్ డి, ఆడవాళ్లయితే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిలవ) కూడా రక్త పరీక్షలో చూపించుకోండి. తక్కువ ఉంటే డాక్టరు రాసిన మోతాదే తీసుకోండి. ఐరన్ మాత్రం పరీక్ష లేకుండా అలసటగా ఉందని మింగకండి, ఎక్కువైతే ఒంట్లో పేరుకుపోతుంది, త్వరగా బయటికి పోదు. విటమిన్ సి గ్రాము, విటమిన్ ఇ 400 యూనిట్లు రోజూ వేసుకునే అలవాటు ఉంటే శిక్షణ రోజుల్లో మానేయండి, శ్రమకి కండరం అలవాటు పడే ప్రక్రియకే అవి అడ్డుపడవచ్చు.